నిర్మాణ ఫ్లాగులు: నిర్వచన పద్ధతి

ఖరగ్‌పూరు రైలు పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతముల తెలుగువారు ఉద్యోగములకై తరలివచ్చి స్థిరపడిన ఊరు. అచ్చటి తెలుగు కుటుంబములకు ‘ఫ్లాగు’ అనగా గార్డు చేతిలోని జెండా. 1951లో అదే పట్టణమున హిజ్లీలో ఐ.ఐ.టి. నెలకొనినది. అందలి కంప్యూటరు శాస్త్ర విద్యార్థుల వాడుకలో ఆ మాటకే మరియొక అర్థము కలదు. జెండా బండి కదలుటకు ముందు చూపబడునట్లే, ఈ ఫ్లాగు ప్రోగ్రాము తయారగుటకు ముందు చెప్పబడును. ఈ రెండవ అర్థమును వివరించుటయు, భాషా పరిశోధకులకు దానితో గల సంబంధమును తెలుపుటయు ఈ వ్యాసమునకు విషయము.

సాఫ్ట్‌వేరు మూలపాఠమునుండి, యంత్రము నడుపదగిన ప్రోగ్రామును సిద్ధపరచు క్రియకు ‘బిల్డు’ లేక నిర్మాణము అని పేరు. ఆ క్రియలో ఏ భాగము చేరవలెనో, ఏది విడువబడవలెనో తెలుపు పేరుగల ఎంపికయే నిర్మాణ ఫ్లాగు. ప్రోగ్రామును నడుపునపుడు మార్చుకొనదగిన అమరిక దీనికంటె వేరు. ఒక కావ్యమును టీకాసహితముగా అచ్చువేయుటయా, మూలమాత్రముగా అచ్చువేయుటయా అనునది అచ్చునకు ముందే నిర్ణయింపబడును. అచ్చయిన పిదప పాఠకుడు ఉన్న టీకను చదువక విడువవచ్చును గాని, లేని టీకను తెచ్చుకొనజాలడు. మొదటిది అమరిక వంటిది. రెండవది నిర్మాణ ఫ్లాగు ఫలితము.

ఈ పద్ధతి క్రమముగా పెరిగినది. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించిన ‘మేక్’ అను సాధనములో చలరాశులకు విలువనిచ్చుటయే ఎంపికకు మార్గము. 1991లో డేవిడ్ మెకెంజీ ప్రారంభించిన ‘ఆటోకాన్ఫ్’ ఒక నామకరణ సంప్రదాయమును ఏర్పరచినది. ప్రోగ్రాములో అంతర్గతమైన సౌకర్యమును చేర్చుటకు ‘ఎనేబుల్’ అనియు, బయటి లైబ్రరీని తోడుచేసికొనుటకు ‘విత్’ అనియు ఫ్లాగు పేరునకు ముందు చేర్చుట ఆ సంప్రదాయము. 2002లో లినక్స్ కెర్నెల్‌కు ఎంపికలను నిర్వచించుటకే ప్రత్యేకించిన ‘కెకాన్ఫిగ్’ అను చిన్న భాష వచ్చినది. 2015లో గూగుల్ బహిరంగపరచిన ‘బేజెల్’ నందు ఫ్లాగును నిర్వచించుట, దాని విలువనుబట్టి ఒక నియమమునకు పేరు పెట్టుట, ఆ నియమమునుబట్టి భాగములను ఎన్నుకొనుట అను మూడును వేర్వేరు మెట్లు.

సమగ్రమైన ఫ్లాగు నిర్వచనమునకు అంగములు ఐదు: పేరు, రకము, ఉత్సర్గ విలువ, ఆధారములు, వివరణము. రకమనగా ఆ ఫ్లాగు ఔను కాదు అను రెండు విలువలు గలదియా, సంఖ్యయా, నియత పదసమూహములో ఒకటియా అనునది. ఉత్సర్గ విలువ యనగా ఎవరును ఏమియు చెప్పనపుడు ప్రవర్తించు విలువ. వ్యాకరణమున ఉత్సర్గమును అపవాదము బాధించునట్లు, నిర్మాత చెప్పిన విలువ ఈ ఉత్సర్గమును బాధించును. భేదము ఒక్కటి కలదు. వ్యాకరణమున వైకల్పిక కార్యమును వక్త ప్రతి ప్రయోగమునందును కోరినట్లు చేయవచ్చును. ఫ్లాగు విషయమున ఎంపిక ఒక్కసారియే జరిగి, ఆ ప్రతిని వాడు వారందరిని బంధించును.

రకమును కచ్చితముగా చెప్పుటవలన ప్రయోజనమేమి? ‘మేక్’ నందు చలరాశి పేరును తప్పుగా వ్రాసినచో సాధనము పలుకక ఊరకుండును; నిర్మాత తాను కోరినది చేరినదనియే భ్రమించును. ఆటోకాన్ఫ్ తానెరుగని ఎంపికను చూచినపుడు సాధారణముగా హెచ్చరికతో సరిపుచ్చును. బేజెల్‌లో పదరూపమైన ఫ్లాగునకు అంగీకృత విలువల పట్టికను ఇయ్యవచ్చును. ‘అక్షరక్రమము’ అను ఫ్లాగునకు ‘సంకేతము’, ‘నిఘంటువు’ అను రెండు విలువలే చెప్పినామనుకొందము. మూడవ మాట వ్రాసినంతనే నిర్మాణము ఆగిపోవును. ఆగిన నిర్మాణము పొరపాటును తెలుపును; ఆగనిది దానిని గ్రంథమువరకు మోసికొనిపోవును.

ఆధారములు ఫ్లాగుల పరస్పర సంబంధమును చెప్పును. దీనికి పోలిక ఖరగ్‌పూరులోనే కలదు. 2017లో ఆ స్టేషనులో 800 మార్గములను ఏర్పరచగల ఎలక్ట్రానిక్ ఇంటర్లాకింగు అమర్చబడినది. ఒక బండికి ఒక మార్గమును ఇచ్చినంతనే, దానితో విరోధించు మార్గములు వాటంతట మూయబడును. ఏ మార్గమునకు ఏది విరోధియో నిర్ణయించు పట్టిక బండ్లు రాకముందే సిద్ధమై యుండును. కెకాన్ఫిగ్‌లో ఒక ఎంపిక మరియొకదానిపై ఆధారపడునని చెప్పుటయు ఇట్టిదే. ఆధారము లేనపుడు ఆ ఎంపిక ప్రవర్తింపదు. ఇట్టి నియమము లేనిచో సంయోగములు అదుపు తప్పును. రెండేసి విలువలుగల పది ఫ్లాగులకు 1,024 సంయోగములు కలవు. వాటినన్నిటిని పరీక్షించు సంస్థ అరుదు. కావున పరీక్షింపని సంయోగమును నిర్వచనములోనే నిషేధించుట మేలు.

భాషా పరిశోధకునకు ఇందు గల పట్టు రెండు ఉదాహరణములచే స్పష్టమగును. మొదటిది అకారాది క్రమము. యూనికోడు పట్టికలో ‘ళ’ కారము ‘ల’ తరువాతను, ‘వ’ కారమునకు ముందును ఉన్నది. తెలుగు వర్ణమాలలో ‘ళ’ స్థానము ‘హ’ తరువాత. కేవలము సంకేతసంఖ్యలను పోల్చి పదములను వరుసపరచినచో ‘కళ’ ముందును, ‘కవి’ వెనుకను వచ్చును. నిఘంటుకర్త కోరునది దీనికి విపరీతము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను ప్రసిద్ధ దత్తాంశ నిర్వహణ వ్యవస్థలో భాషానుగుణ క్రమమునకు ఐ.సి.యు. అను లైబ్రరీని 2017లో వెలువడిన 10వ సంచికనుండి తోడుచేయవచ్చును. నాడు అది ‘విత్-ఐసియు’ అను ఫ్లాగు చెప్పినవారికే లభించెడిది. 2023 నాటి 16వ సంచికలో ఉత్సర్గము తారుమారైనది: ఏమియు చెప్పకున్నను ఐ.సి.యు. చేరును, వద్దనువారు ‘వితౌట్-ఐసియు’ అని చెప్పవలెను. పరిశోధకుడు తన క్రమనియమమును తానే వ్రాసికొను సదుపాయము కూడ ఆ సంచికలోనే ఐ.సి.యు. ద్వారా వచ్చినది. ఐ.సి.యు. లేని నిర్మాణములో ఆ మార్గము మూతపడును.

రెండవది అక్షర సంయోగము. పైథాన్ భాషలో చిత్రములపై అక్షరములు వ్రాయుటకు వాడు ‘పిల్లో’ అను లైబ్రరీకి, సంయుక్తాక్షరములను కూర్చు ‘రఖ్మ్’ అను లైబ్రరీ ఐచ్ఛికమైన తోడు. అది లేక నిర్మించిన ప్రతిలో ‘శాస్త్రి’ అను మాట వ్రాసినచో హల్లులు, పొల్లులు, గుణింతపు గుర్తులు కలిసికొనక విడివిడిగా పడును. మూలపాఠము అదియే, ఫాంటు అదియే, వ్రాసిన మాటయు అదియే. భేదము నిర్మాణములో జరిగినది.

ఇట్టి లోపము కంటబడకుండుటకు కారణము మూడవ విలువ. 2018నుండి ‘మెసన్’ అను నిర్మాణ సాధనములో ఒక సౌకర్యమునకు ‘చేర్చుము’, ‘విడువుము’, ‘దొరికినచో చేర్చుము’ అను అర్థములుగల మూడు విలువలు కలవు. నిత్యము, నిషేధము, వైకల్పికము అను వ్యాకరణ విభాగమును ఇవి తలపించును. మొదటిదానిలో లైబ్రరీ లేకున్న నిర్మాణము ఆగును. మూడవదానిలో ఆగదు, లైబ్రరీ ఉన్న యంత్రముపై ఒక ప్రోగ్రామును, లేని యంత్రముపై మరియొక ప్రోగ్రామును పుట్టును. ఎవరును ఎన్నుకొనకయే ఎంపిక జరిగిపోవును. తెలుగు లిపికి అవశ్యకములైన భాగముల విషయమున ఈ మూడవ విలువను విడిచి మొదటిదానిని కోరుట న్యాయము.

నిర్మితమైన ప్రతిని దాని ఫ్లాగులను గూర్చి ప్రశ్నించుటకు వీలు కలదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తో వచ్చు ‘పీజీ-కాన్ఫిగ్’ అను సాధనము నిర్మాణ సమయమున ఇచ్చిన ఎంపికలను చూపును. పిల్లోయు తనయందు రఖ్మ్ కలదో లేదో చెప్పగలదు. పదసూచికను, నిఘంటువును, ప్రయోగ పట్టికను యంత్రముచే కూర్పించిన సంపాదకుడు తాను వాడిన ప్రతులను పీఠికలో పేర్కొనునట్లే, ప్రోగ్రాము సంచికతోపాటు ఈ ఫ్లాగులను కూడ పేర్కొనుట యుక్తము. ‘కవి’కి ముందు ‘కళ’ ఏల వచ్చినదని రేపటి పాఠకుడు ప్రశ్నించినచో సమాధానము అచ్చటనే దొరకును.