చెట్టుకు కట్టిన కన్ను

జనవరి నెల. అమెరికాలో చాలాచోట్ల జింకల వేట సీజన్‌ ముగిసిపోతుంది. తుపాకీ బీరువాలోకి వెళ్లిపోతుంది. వేటగాడు మాత్రం మళ్లీ అడవికి బయల్దేరతాడు... టిఫిన్‌ డబ్బా అంత పెట్టె పట్టుకుని! జింకలు నడిచే దారి పక్కన చెట్టుకు దాన్ని బెల్టుతో బిగించి వచ్చేస్తాడు. అదే ట్రెయిల్‌ కెమెరా. వెచ్చని ఒంటితో ఏ ప్రాణి ఎదురుగా కదిలినా సెన్సర్‌ పసిగట్టి ఫొటో తీసేస్తుంది. రాత్రిళ్లు పరారుణ కాంతితో పని కానిస్తుంది.

వేట లేనప్పుడు ఈ నిఘా ఎందుకంటారా? లెక్క కోసం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెల్లతోక జింకలు వేట దెబ్బకు ఐదు లక్షలకు పడిపోయాయని అంచనా. ఇప్పుడవి దాదాపు మూడు కోట్లు. తక్కువైతే జాతికి ముప్పు. ఎక్కువైతే లేత మొక్కల్ని మేసేసి అడవినే ఎదగనివ్వవు. ఈసారి ఎన్నింటిని కొట్టాలో, వేటిని వదిలేయాలో తేలాలంటే ముందు ఎన్నున్నాయో తెలియాలి కదా!

మగజింకల సంగతి తేలికే. చలికాలంలో రాలిన కొమ్ములు వసంతంలో మళ్లీ మొలిచి, ఆగస్టు చివరికి పూర్తిగా పెరుగుతాయి. ఏ రెండు జింకల కొమ్ములూ ఒక్కలా ఉండవు. మన నల్లమలలో పులుల్ని చారలతో గుర్తుపట్టినట్టే వీటిని కొమ్ములతో గుర్తుపడతారు. చిక్కంతా ఆడజింకలతోనే... అన్నీ ఒకేలా ఉంటాయి! అందుకో ఉపాయాన్ని మిసిసిపీ స్టేట్‌ యూనివర్సిటీకి చెందిన హ్యారీ జేకబ్‌సన్‌ బృందం 1997లో ప్రచురించింది. మగజింకల ఫొటోలు 120 వచ్చాయనీ, కొమ్ముల్ని బట్టి చూస్తే అవన్నీ 12 జింకలవేననీ అనుకోండి. అంటే సగటున ఒక్కోదానికి పది ఫొటోలు. ఆడజింకల ఫొటోలు 200 ఉంటే అవి 20 అన్నమాట. మగా ఆడా కెమెరా ముందుకు ఒకే తీరుగా వస్తాయన్న నమ్మకంమీద నడిచే లెక్కిది. కాస్త అటూఇటూ కావచ్చు. ఏటా అదే చోట, అదే పద్ధతిలో చేస్తే మాత్రం మంద పెరుగుతోందో తరుగుతోందో తెలిసిపోతుంది.

ఫొటోలు నేరుగా సెల్‌ఫోన్‌కే పంపే కెమెరాలు రావడంతో పేచీ ముదిరింది. జింక ఎక్కడుందో ఇంట్లో కూర్చుని చూసి, వెళ్లి కాల్చేస్తే అది వేటెలా అవుతుందని వేటగాళ్లలోనే కొందరి వాదన. కాదనలేం. నెవాడా ప్రభుత్వ భూముల్లో ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఈ కెమెరాలకు అడ్డుకట్ట వేసింది. అరిజోనా అయితే 2022 జనవరి నుంచి వేట కోసం వాటిని వాడటాన్నే నిషేధించింది. ఎడారి నేల, అక్కడక్కడా నీటి గుంటలు. ప్రతి గుంట దగ్గరా కెమెరాలు కాపు కాస్తే దాహమేసిన జింక ఎక్కడికి పోతుంది?

తెల్లతోక జింకలు ఎక్కువగా ఉండే తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల మాత్రం చెట్లకు కెమెరాలు కడుతూనే ఉన్నారు. సీజన్‌ అయ్యాక తెలిసిన కొమ్ముల జింక మళ్లీ ఫొటోలో కనిపిస్తే బతికి బయటపడిందని సంబరపడతారు. ఒకే కొమ్ముతో కనిపించిందా, ఇంకేం... రాలిన రెండోదాన్ని వెతుక్కుంటూ ఆ చుట్టుపక్కల పొదలన్నీ గాలిస్తారు.