పడమటి కిటికీకి లేసు తెర

పడమటి కిటికీకి మందపాటి పరదా వేస్తే గదంతా చీకటి. తీసేస్తే మూడింటికల్లా ఎండ మంచం మీదికొస్తుంది. అందుకే మా ఇంట్లో ఆ కిటికీకి లేసు తెర ఉంటుంది. దాన్ని నేను అల్లిక మిషను మీద అల్లుతాను. మాది నరసాపురం వైపు. స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిన క్రోషా పనితో తరతరాలుగా ఆడవాళ్ళు ఇల్లు గడుపుకొచ్చిన ప్రాంతం. మిషను లేసు అనగానే ఇక్కడ పెదవి విరుస్తారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. అయితే నా మిషను క్రోషా అల్లదు. దాని పద్ధతే వేరు.

నాది జపాన్‌లో తయారైన పాత బ్రదర్ మిషను. బల్లకు బిగించిన పట్టీలో 200 సూదులు, సూదికీ సూదికీ మధ్య నాలుగున్నర మిల్లీమీటర్లు. ప్రతి సూది కొసనా కొక్కెం, ఆ కొక్కేన్ని మూసి తెరిచే చిన్న నాలుక. పాత మిషను కొనేవాళ్ళు ముందుగా సూదుల్ని అదిమి పట్టే స్పాంజి పట్టీ మార్చుకోవాలి. అది అణిగిపోయి ఉంటే సూదులు లేచి, కుట్లు జారిపోతాయి.

లేసుకు క్యారేజీలు రెండు. ఎడమ పక్క ఉండే లేసు క్యారేజీకి దారం ఉండదు. చిల్లుల అట్ట చెప్పిన చోట ఒక సూది మీది కుట్టును పక్క సూదికి జరపడమే దాని పని. అలా కొన్నిసార్లు అటూ ఇటూ తిరిగాక, కుడి పక్క క్యారేజీ దారంతో రెండు వరసలు అల్లుతుంది. ఖాళీ అయిన సూది మీద కొత్త దారం పడిన చోట కన్నం ఏర్పడుతుంది. మొత్తం పువ్వు ఆ కన్నాలతోనే పుడుతుంది.

అల్లడానికి పట్టే సమయం తక్కువే. తెర నిలిచేదీ పాడయ్యేదీ నమూనా ముక్క దగ్గరే. అదే నూలుతో ఒక ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, కింద కాస్త బరువు కట్టి రాత్రంతా వేలాడదీస్తాను. నూలు అల్లిక తన బరువుకు కిందికి సాగుతుంది, సాగినకొద్దీ వెడల్పు తగ్గుతుంది. కాబట్టి బల్ల మీద పరిచి కొలిస్తే లెక్క తప్పుతుంది. మా కిటికీ 72 సెంటీమీటర్లు. అంచుకు అటో సెంటీమీటరు, ఇటో సెంటీమీటరు పోను 70 మిగులుతుంది. నా నమూనాలో పదికి 26 కుట్లు వచ్చాయి కనుక 182 సూదులు కావాలి. అట్ట మీది పువ్వు 24 కుట్లది. ఏడు పువ్వులకు 168 పోగా, రెండు పక్కలా ఏడేసి కుట్లు సాదాగా వదిలేస్తాను. అంచు కుట్టు కదలకూడదు, కదిలితే జారుతుంది. పొడవు 120 సెంటీమీటర్లు, పదికి 34 వరసల లెక్కన 408 వరసలు.

ఉన్నికన్నా మెరుపు పట్టిన నూలు మేలు, పువ్వు తేటగా కనబడుతుంది. మొదట కొన్ని సాదా వరసలు అల్లి, తొలి వరస కుట్లను మళ్ళీ సూదులకెక్కిస్తే గొట్టంలాంటి మడత వస్తుంది. అందులో సన్నని అల్యూమినియం కడ్డీ దూరుస్తాను. కడ్డీ బరువుకు తెర నిటారుగా నిలుస్తుంది.

మిషను నుంచి తీసిన తెర పక్కలు చుట్టుకుపోతాయి. వాటికి మందు మా అత్తగారి కొక్కెం సూదే. ఆవిడ రెండు పక్కలా గట్టి క్రోషా అంచు వేస్తారు. మిషను మీద తెరంతా అల్లినదాని కన్నా ఆ అంచుకే ఎక్కువ సేపు పడుతుంది. బయట అంచు అల్లించుకునేవాళ్ళు మూర లెక్కన బేరమాడకుండా, పట్టే గంటల్ని చూసి కూలివ్వాలని నా గట్టి కోరిక.

చివరగా పలచటి గంజిలో ముంచి, నేల మీద దుప్పటి పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో కొలతకు లాగి గుచ్చుతాను. పూర్తిగా ఆరేదాకా తీయకూడదు. ఉతికేటప్పుడు కడ్డీ తీసి, చేత్తోనే నెమ్మదిగా పిసకాలి. పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కితే నీళ్ళు దిగిపోతాయి. ఉతికిన ప్రతిసారీ గంజీ గుండుసూదులూ తప్పవు.