సౌరవిద్యుత్తు ఒడంబడికలో రాజిక దైవికముల షరతు

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన సంగతి మన సభ్యులు మరచియుండరు. 2022 జూలైలో ధవళేశ్వరముకడ 25 లక్షల క్యూసెక్కులు మించిన వరద లంకగ్రామములను ముంచినది. ఇట్టి సీమలో 25 సంవత్సరముల ఒడంబడికపై చేవ్రాలు చేయువారు విపత్తును గూర్చిన షరతును చదువక చేయరాదు.

2019లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన పి.ఎం. కుసుమ్ పథకము రైతులును, సహకార సంఘములును 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సౌరవిద్యుత్కేంద్రములు నెలకొల్పి, ఆ విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్ముకొనుటకు వీలు కల్పించినది. పెట్టుబడి లేనివారు భూమిని కౌలుకీయవచ్చును. (పండెడు వరిచేలను ఇందుకు విడువవలెనని మా మతము కాదు.)

మన పెద్దలు రాజిక దైవికములనిన వానినే నేటి దస్తావేజులు ఫోర్సు మెజూరు అనుచున్నవి. తుఫాను, వరద, యుద్ధము మొదలగువానిచే పని సాగనిచో, సాగనంతకాలము ఆ కక్షిదారునిపై తప్పు మోపరాదని దీని భావము. షరతు వ్రాసియున్నచో న్యాయస్థానము ముందుగా అందలి మాటలనే చూచును. లేనిచో 1872 నాటి కాంట్రాక్టు చట్టము 56వ సెక్షను శరణ్యము. అది నెరవేర్చుట అసాధ్యమైనపుడే ఆదుకొనును గాని కష్టమైనంతమాత్రమున కాదు.

చిక్కు ఇచ్చటనే యున్నది. షరతులో "ముందుగా ఊహింపరాని" విపత్తు అని మాత్రమే యున్నచో, గోదావరికి వరద వచ్చుట ఎవరూహింపనిదని ఎదుటివారు వాదింపగలరు. కావున తుఫాను, వరద, ఉప్పునీటి పోటు అని పేరుపేరున వ్రాయించుకొనవలెను. ఎన్నినాళ్లలో నోటీసు ఇయ్యవలెనో గుర్తింపవలెను. గడువు దాటినచో హక్కు పోవచ్చును. కేంద్రము చెడకున్నను పంపిణీ సంస్థ స్తంభములు కూలినందున విద్యుత్తు పోనిచో ఆ నష్టమెవరిదో అడుగవలెను. కౌలుకిచ్చినవారు, నీట మునిగిన నెలలకు కౌలు ఆగునా, సాగునా అని వ్రాయించుకొనవలెను.

ధరల మార్పు విపత్తు కాదు. ఇండోనీషియా బొగ్గు ధర పెరిగెనని విద్యుత్ సంస్థలు ఈ షరతును ఆశ్రయింపగా, 2017 ఏప్రిలులో సుప్రీముకోర్టు అంగీకరింపలేదు. ఎదుటివారును అట్లే కట్టుబడవలెను: మన రాష్ట్రమున 2019లో పవన, సౌరవిద్యుత్తు ధరలను తగ్గింపబూనగా, ఒప్పుకొన్న ధరయే చెల్లింపవలెనని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పినది.

ఒక్క సంగతి పలువురు గమనింపరు. ఈ షరతు విద్యుత్తు కొనువారితో మాత్రమే చేసికొన్నది. అప్పిచ్చిన బ్యాంకు అందు కక్షి కాదు. కేంద్రము నిలిచిపోయినను వాయిదాలు నిలువవు. పలకలకు భీమా చేయించునపుడు, నిలిచిన కాలపు రాబడి కూడ అందు చేరినదో లేదో విచారించి మరీ సంతకము చేయవలెను.