బండి ఎవరి కోసం?

టీవీలో కారు ప్రకటన వస్తే మన ఇళ్లలో పిల్లలు చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకొని చూస్తారు. ఖాళీ రోడ్డు, నవ్వే కుటుంబం! మన కాలువగట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు ఎదురైతే ఎవరు వెనక్కు తీయాలో మాత్రం ఆ ప్రకటన చెప్పదు.

వానలో ఒకే స్కూటరుపై వెళ్తున్న కుటుంబాన్ని చూసి, 2024లో కన్నుమూసిన రతన్ టాటా గారు అలాటివారికి అందే కారు చేయాలనుకున్నారు. 2009లో సుమారు లక్ష రూపాయల ధరకు నానో వచ్చింది. ఆశయం మంచిదే. కాని అది ‘అన్నిటికన్నా చవక కారు’గా పేరుపడింది. అలా ప్రచారం చేయడం పొరపాటేనని తరువాత ఆయనే అన్నారు. కొన్నేళ్లకు తయారీ ఆగిపోయింది. అవసరానికే కొంటున్నామంటాం గాని, నలుగురిలో గౌరవం కూడా కొనాలనుకుంటాం.

ఇందుకు మేమూ అతీతులం కాము. అమలాపురంలో ఒక కారు చూసి, నెలవాయిదా లెక్క వేసుకొని ఇంటికి వచ్చాం. మా ఇంట్లో ఆమె ఒక్క మాట అడిగింది: “నెలలో ఎన్నిసార్లు అందరం కలిసి వెళ్తామండీ?” వేళ్లు మడిచాం. ఒక చెయ్యి సరిపోయింది. ఆ కొద్దిసార్లకు అద్దె కారు చాలునని ఊరుకున్నాం.

ప్రియ పాఠకులారా, ఇంట్లో మంచాన పడ్డ పెద్దలుంటే, రోజూ దూరం వెళ్లవలసివస్తే కారు కొనడం తప్పు కాదు. అయితే వాయిదాతోపాటు పెట్రోలు, బీమా, మరమ్మతులు కూడా కలిపి, భార్యాభర్తలు కూర్చొని లెక్క చూసుకోండి. బండి కుటుంబాన్ని మోయాలి గాని, కుటుంబం బండిని మోయకూడదు.