ఎమీలు కథయు, సూదిబెజ్జములును

ఎరిక్ కేస్ట్నరు అను జర్మను రచయిత 1929లో ప్రకటించిన ‘ఎమీలును, అపరాధ పరిశోధకులును’ అను బాలల నవల నేటికిని పాఠశాలలలో చదువబడుచున్నది. తల్లి యింటికి వచ్చిన స్త్రీలకు తలలంటి, జుట్టు దిద్ది కూడబెట్టిన 140 మార్కులను ఎమీలు కోటులోపల గుండుసూదితో గ్రుచ్చుకొని రైలెక్కెను. కన్ను మూసినంతలో సొమ్ము పోయెను.

సోదరీమణులారా! ఈ కథను బోధించునపుడు పిల్లలచేత అంతర్జాలమున కొన్ని విషయములు వెదకింపుడు. బెర్లినులోని జూ స్టేషనునుండి నోలెన్‌డోర్ఫు కూడలివరకు ఎమీలు దొంగను వెన్నాడిన దారిని పటమున గుర్తింపవచ్చును. ఆనాటి ట్రాముల ఛాయాచిత్రములు చూడవచ్చును. రచయిత కన్నతల్లియు కేశాలంకరణముచేతనే ధనమార్జించెనని తెలిసినచో, కథలోని తల్లి యెవరో బోధపడును. 1933 మే 10వ తేదీన బెర్లినులో నాజీలు గ్రంథములను దహించినపుడు, కేస్ట్నరు గుంపులో నిలిచి తన పుస్తకములు కాలుట చూచెను. ఈ సంగతి చదువునపుడు బిడ్డ ప్రక్కన మీరుండవలెను.

అయితే అంతర్జాలమున కనబడినదెల్ల సత్యము కాదు. బ్యాంకులో “ఈ సొమ్ము నాది” యని ఎమీలు పలికినంతమాత్రమున చాలలేదు. నోట్లలో సూదిబెజ్జములు కనబడిన పిమ్మటనే అందరును నమ్మిరి. కావున బిడ్డ తెచ్చిన ప్రతి విషయమునకును “దీనికి సూదిబెజ్జమేది?” యని యడుగుడు. వ్రాసినవారెవరు? వారికెట్లు తెలిసెను? రెండుచోట్ల ఒకే వాక్యమున్నచో అది రెండవ సాక్ష్యము కాదు, నకలు మాత్రమే. ఇట్లు ప్రశ్నింప నేర్వని బిడ్డ, పెద్దయైన పిదప గట్టిగా చెప్పినవాని మాటనే నమ్మును.