టెహ్రాన్ చదివే విజయనగరం

మొన్న కడియంలో ఒక నర్సరీకి గులాబీ మొక్కల కోసం వెళ్లాను. గుమాస్తా జమాఖర్చుల పుస్తకం తెరిచి పాత బాకీ చూసి, కొత్త రసీదు చింపి ఇచ్చాడు. గులాబీ, గుమాస్తా, జమ, ఖర్చు, బాకీ, రసీదు... అన్నీ పారశీకం దారిన వచ్చి మన నోట స్థిరపడ్డవే. ఆ భాషలో ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీరు. ‘గులాబ్’ అంటే పన్నీరు. మనం ఆ పేరు పువ్వుకే పెట్టుకున్నాం. ఇలాంటి మాటల కోసమే సి.పి. బ్రౌన్ 1854లో విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు వేశాడు.

పారశీకం నుంచి తెచ్చుకున్నవి సరే, మనం దానికిచ్చిందీ ఉంది. చాలామందికి తెలియనిది అదే.

విజయనగరం ప్రభువు ఆనంద గజపతి కొలువులో మహమ్మద్ పాద్‌షా మీర్ మున్షీ, అంటే ప్రధాన లేఖకుడు. ‘షాద్’ ఆయన కలంపేరు. 1888లో ఆయన ఒక బృహత్తర పారశీక నిఘంటువు ముగించి, దానికి తన ప్రభువు పేరే పెట్టాడు: ‘ఫర్హంగె ఆనందరాజ్’. లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం దాన్ని మూడు సంపుటాలుగా అచ్చువేసింది. గురజాడను ఆదరించిందీ ఆనంద గజపతి కొలువే.

ఆ పని ఎంత కష్టమో ఒక్క మాట చాలు చెప్పడానికి. పారశీక లిపిలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు. ‘గుల్’ అన్నా ‘గిల్’ అన్నా కాగితం మీద అవే రెండు అక్షరాలు. మొదటిది పువ్వు, రెండోది మట్టి. కడియం కుండీలో మొక్కకీ మన్నుకీ ఉన్న తేడా అంతా ఆ రాయని అచ్చులోనే. అందుకే పాత నిఘంటుకారులు మొదటి అక్షరానికి ఏ స్వరమో మాటల్లో చెప్పేవారు. అర్థానికి సాక్ష్యంగా కవుల పద్యం చూపేవారు. ఇలా వేలాది మాటలకు, దీపం వెలుగులో, చేతిరాతతో!

తెలుగునేల మీద పుట్టిన పారశీక నిఘంటువు ఇదొక్కటే కాదు. గోల్కొండ ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితంగా మహమ్మద్ హుసేన్ తబ్రీజీ 1652లో ‘బుర్హానె ఖాతె’ పూర్తి చేశాడు. దాని తప్పులెంచడానికి మీర్జా గాలిబ్ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. గాలిబంతటివాడు పక్కన పెట్టలేకపోయిన నిఘంటువది. హైదరాబాదులో 1926 నుంచి 1939 వరకు వెలువడిన ఐదు సంపుటాల ‘ఫర్హంగె నిజాం’ మూడోది.

ఇరాన్‌లో అలీ అక్బర్ దెహ్ఖుదా లక్షల చీటీలు కూర్చి మొదలుపెట్టిన మహానిఘంటువు, 1956లో ఆయన పోయాక కూడా దశాబ్దాలు సాగింది. అందులో ఎన్నో మాటల అర్థం పక్కన ఆధారంగా ‘ఆనందరాజ్’ అని కనిపిస్తుంది. ఆయన దగ్గర పనిచేసిన దబీర్ సియాఖీయే విజయనగరం నిఘంటువును పరిష్కరించి టెహ్రాన్‌లో ఏడు సంపుటాలుగా తెచ్చాడు.

మన పిల్లల పాఠాల్లో మహమ్మద్ పాద్‌షాకు నాలుగు వాక్యాల చోటివ్వాలి. విజయనగరం కోట చూపించడానికి వాళ్లను తీసుకెళ్లే పంతుళ్లూ, తల్లిదండ్రులూ, గురజాడతో పాటు ఆయన పేరు కూడా చెప్పండి.