అదును – పదును: విత్తే కాలం గురించి రైతులు అడిగే ప్రశ్నలు, కార్తెల లెక్క

వ్యాససంగ్రహం

సేద్యం గురించి తరచుగా వినిపించే ప్రశ్నలలో మొదటిది ఎప్పుడు విత్తాలన్నది. తెలుగు రైతు సంప్రదాయం దీనికి కార్తెల రూపంలో ఒక సమాధానాన్ని, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మిల్లీమీటర్ల వర్షపాతం రూపంలో మరొక సమాధానాన్ని ఇస్తున్నాయి. ఈ రెండూ పరస్పరవిరుద్ధాలని భావించడం పరిపాటి. అవి వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలని, ఆ తేడాను 'అదును', 'పదును' అనే రెండు తెలుగు మాటలు స్పష్టంగా చూపుతున్నాయని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అదును, పదును, కార్తె, తొలకరి, అయనచలనం, వర్షాధార సేద్యం, ప్రత్యామ్నాయ పంటలు.

ఉపోద్ఘాతం

జూన్ మొదటి వారంలో ఒక మోస్తరు వాన పడగానే పల్లెలో ఒకరు గొర్రు కడతారు. పక్క చేను విత్తుతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే. వారం తిరిగేలోగా ఊరంతా విత్తుతుంది. ఆ తర్వాత రెండు వారాలు వాన ముఖం చాటేస్తే మొలిచిన మొక్క మాడుతుంది, మొలవని గింజ మట్టిలోనే చెడుతుంది. రైతు మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి పెట్టాలి. కౌలు రైతుకు పంట రాకముందే అప్పు రెట్టింపవుతుంది. వర్షాధార సేద్యంలో ఏటా ఎక్కడో ఒకచోట పునరావృతమయ్యే ఈ నష్టానికి మూలం ఒక చిన్న అపార్థంలో ఉంది. విత్తే కాలం రావడం, విత్తడానికి నేల సిద్ధం కావడం ఒకటే అనుకోవడం ఆ అపార్థం.

తెలుగు భాష ఈ రెండింటినీ ఎన్నడూ కలిపివేయలేదు. 'అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు' అనే సామెతలో అవి విడివిడిగానే నిలిచాయి. అదును అంటే పనికి తగిన కాలం. పదును అంటే పనికి తగిన స్థితి. కన్నడంలోని 'హద' అనే మాట కూడా ఇదే అర్థాన్ని ఇస్తుంది. కత్తికి పదును అన్నా, నేలకు పదును అన్నా పనికి సరిపడే తీరున ఉండడమన్నదే మూలభావం. నేల విషయంలో అది తేమకు సంబంధించినది.

1. కార్తె అంటే ఏమిటి? దాని తేదీ ఎందుకు మారదు?

పంచాంగంలో ప్రతిదినమూ కనిపించే నక్షత్రం చంద్రునికి సంబంధించినది. కార్తె సూర్యునికి సంబంధించినది. సూర్యుడు ఒక నక్షత్ర భాగంలో ఉన్నంత కాలాన్ని ఆ నక్షత్రం పేరిట కార్తెగా వ్యవహరిస్తారు. 360 డిగ్రీల రాశిచక్రాన్ని 27 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలవుతుంది. దానిని దాటడానికి సూర్యునికి సుమారు పదమూడున్నర రోజులు పడుతుంది. అందువల్ల రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో, పుష్యమి జూలై 20 ప్రాంతంలో ఏటా ప్రవేశిస్తాయి. తేడా వస్తే ఒక రోజుకు మించదు.

వ్యవసాయారంభానికి గుర్తుగా జరుపుకొనే ఏరువాక పున్నమి ఇలాంటిది కాదు. అది జ్యేష్ఠ పూర్ణిమ కనుక చాంద్రమానాన్ని అనుసరిస్తుంది. 2023లో జూన్ మొదటి వారంలో వచ్చిన పండుగ, 2024లో మూడవ వారం చివరికి జరిగింది. అంటే ఒక్క ఏడాదిలోనే రెండు వారాలకు పైగా తేడా. పండుగకు చాంద్రమానాన్ని పాటించిన రైతు సమాజమే, విత్తనానికి సౌరమానాన్ని ఎంచుకొంది. ఋతువులు సూర్యుని వెంట నడుస్తాయన్న గ్రహింపు ఈ ఎంపికలో కనిపిస్తుంది. కార్తెను మూఢనమ్మకంగా కొట్టివేయడం ఈ కారణం వల్ల సరికాదు. ఇంగ్లీషు తేదీలు వాడుకలో లేని కాలంలో పల్లె చేతిలో ఉన్న సౌరకాలమానం అది.

2. పాత కార్తెలు నేటి వానలకు సరిపోతాయా?

ఈ ప్రశ్నకు రెండు పార్శ్వాలున్నాయి. మొదటిది ఖగోళసంబంధమైనది. కార్తెలు నక్షత్రాలను ఆధారం చేసుకొన్న నాక్షత్ర సంవత్సరాన్ని అనుసరిస్తాయి. ఋతువులు విషువత్తులను ఆధారం చేసుకొన్న సాయన సంవత్సరాన్ని అనుసరిస్తాయి. మొదటిది రెండవదానికంటే సుమారు 20 నిమిషాలు పెద్దది. ఈ స్వల్ప భేదం 72 సంవత్సరాలకు ఒక రోజవుతుంది, 960 సంవత్సరాలకు ఒక కార్తె అంతవుతుంది. దీనికి కారణం అయనచలనం.

ఈ లెక్క ప్రకారం 11వ శతాబ్దిలో, అంటే నన్నయ కాలంలో, మృగశిర ప్రవేశించిన ఋతుస్థానం నేడు రోహిణి ప్రవేశిస్తున్న స్థానానికి దగ్గరగా ఉండేది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న సామెత నేటి మే చివరి ఎండలకు చక్కగా సరిపోతోంది. వెయ్యేళ్ల క్రితం అదే రోహిణి, నేటి లెక్కలో మే రెండవ వారంలో మొదలయ్యేది. కాబట్టి కార్తెల సామెతలను ప్రాచీన వాతావరణానికి సాక్ష్యాలుగా ఉపయోగించే పరిశోధకులు, సామెత ఏ శతాబ్దిలో రూపొందిందన్న ప్రశ్నను విడిచిపెట్టడానికి వీలులేదు. రైతుకు మాత్రం ఈ జరుగుబాటు వల్ల ఇబ్బంది లేదు. కెప్టెన్ కార్ తెలుగు సామెతల సంకలనం వెలువడిన 1868 నుంచి నేటి వరకు వచ్చిన తేడా రెండు రోజులే.

రెండవ పార్శ్వం వాతావరణానికి సంబంధించినది, అసలు చిక్కు ఇక్కడే ఉంది. నైరుతి ఋతుపవనాలు కేరళను తాకే సాధారణ తేదీ జూన్ 1. 2023లో అవి జూన్ 8న, 2025లో మే 24న కేరళకు చేరాయి. 2025లో మే నెల ముగియకముందే తెలుగు నేలను తాకిన ఋతుపవనాలు ఆ తర్వాత సుమారు రెండు వారాలపాటు ముందుకు సాగలేదు. సూర్యుడు కార్తెలోకి ప్రవేశించే తేదీ ఒక రోజు కూడా తప్పదు, ఋతుపవనాల రాక రెండు వారాలు అటూఇటూ అవుతుంది. కార్తె చెప్పేది అనేక ఏళ్ల సగటును. ఈ ఏటి వానను చెప్పడం దాని పని కాదు.

3. ఒక కార్తె అన్ని ప్రాంతాలకూ ఒకే సూచన ఇస్తుందా?

ఇవ్వదు. ఉత్తర తెలంగాణలో వానాకాలపు పంటలకు మృగశిర, ఆరుద్ర కార్తెలే కీలకం. ఏడాదికి సుమారు 550 మి.మీ. వర్షం మాత్రమే పొందే అనంతపురం ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరు నెలల వానల మీద ఆశ ఎక్కువ. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అన్న సామెతను అక్కడి పరిస్థితితో కలిపి చదివితే దాని బరువు తెలుస్తుంది. సెప్టెంబరు 13 ప్రాంతంలో మొదలయ్యే ఉత్తర కార్తెలో కూడా వాన లేకపోతే ఇక ఆ ఏటికి ఆశ వదులుకొని, గంప నెత్తిన పెట్టుకొని వలసపోవడమే మిగిలిందని దీనిని సాధారణంగా అన్వయిస్తారు. ఈశాన్య ఋతుపవనాల ప్రభావం అధికంగా ఉండే నెల్లూరులో చిత్త, స్వాతి కార్తెలు వరి పనులకు ముఖ్యమవుతాయి. ఒక ప్రాంతపు సామెతను మరొక ప్రాంతపు సేద్యానికి సూత్రంగా వాడితే ఫలితం తప్పుతుంది.

4. తొలకరి వానకే విత్తవచ్చా?

వాతావరణ శాఖ పరిభాషలో 2.5 మి.మీ. వర్షం కురిసిన రోజు వాన రోజు కిందికి వస్తుంది. విత్తే వాన వేరు. పత్తి వంటి వర్షాధార పంటలను తేలిక నేలల్లో 50–60 మి.మీ., బరువు నేలల్లో 60–75 మి.మీ. వర్షం పడిన తర్వాతే విత్తుకోవాలని ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం సూచిస్తోంది. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వర్షం అంటే సుమారు 4,047 లీటర్ల నీరు. 60 మి.మీ. అంటే దాదాపు 2 లక్షల 43 వేల లీటర్లు. వేసవిలో ఎండిన నేల తేమను తిరిగి పొందడానికి ఇంత నీరు అవసరమవుతుంది.

నల్లరేగడి నీటిని ఎక్కువ కాలం నిలుపుకొంటుందన్నప్పుడు దానికే ఎక్కువ వాన ఎందుకన్న సందేహం సహజం. రేగడిలోని సన్నని బంకమట్టి రేణువులు నీటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు తీరిన తర్వాత మిగిలిన నీరే గింజకూ వేరుకూ అందుతుంది. పైగా వేసవిలో రేగడి నెర్రెలు విచ్చుతుంది. అదే 30 మి.మీ. వాన చెలకలో లోతుకు దిగితే, రేగడిలో పైపొరను మాత్రమే తడుపుతుంది. నేలను బట్టి వాన కొలత మారడానికి కారణం ఇది.

గింజ పరంగా చూస్తే ప్రమాదం మరింత స్పష్టమవుతుంది. పొడి నేలలో గింజ నిద్రలో ఉంటుంది. కొద్దిపాటి తేమ తగిలితే ఉబ్బుతుంది. మొలక వేరు బయటికి రాకముందు ఎండినా చాలా గింజలు తట్టుకొంటాయి. వేరు బయటికి వచ్చాక తేమ తెగితే ఇక తేరుకోవు. అందువల్ల గింజకు చాలీచాలని వాన, అసలు వాన లేకపోవడంకంటే చెడ్డది. కొన్ని రేగడి ప్రాంతాల్లో వానకు ముందే పొడి దుక్కిలో పత్తి గింజ పెట్టే అలవాటు ఉంది. మొదటి వానే పెద్దవానైతే ఆ పైరు ముందుగా అందుకొంటుంది. అది చిన్నవానైతే మొలక అక్కడక్కడ వచ్చి చేనంతా పోగుంటలు పెట్టవలసి వస్తుంది.

5. పదునును చేతితో తెలుసుకోవడం ఎలా?

పైపొర తడి పదునుకు గుర్తు కాదు. గింజ పడే లోతు వరకు, దాని కింద కొన్ని అంగుళాల వరకు మట్టి తీసి చూడాలి. పత్తి గింజను 3–5 సెం.మీ. లోతున విత్తుతారు కనుక కనీసం జానెడు లోతు మట్టిని పరీక్షించడం మంచిది. ఆ మట్టిని గుప్పెట్లో పట్టి నొక్కినప్పుడు ముద్దకట్టి, వేలితో తాకగానే విరిగితే పదును కుదిరినట్లు. ముద్దకట్టకుండా పొడిగా రాలితే తేమ చాలదు. చేతికి జిగటగా అంటుకొంటే పదును మించింది. అలాంటి నేలలో గొర్రు తోలితే మట్టి గడ్డకట్టి మొలకను పైకి రానివ్వదు. సంప్రదాయం చెప్పిన ఈ చేతి పరీక్షకూ, విశ్వవిద్యాలయం చెప్పిన మిల్లీమీటర్ల కొలతకూ విరోధం లేదు. ఒకటి పడిన నీటిని లెక్కిస్తుంది, మరొకటి నేలలో నిలిచిన నీటిని చూస్తుంది.

6. పదును కోసం ఆగితే అదును దాటిపోదా?

రైతు భయం నిరాధారం కాదు. వాన ఆలస్యంగా వచ్చినా విత్తితే సరిపోతుందనుకోవడానికి వీలులేదు. పగటి నిడివి జూన్ 21 తర్వాత తగ్గుతూ వస్తుంది. కంది పగటి నిడివి తగ్గినప్పుడు పూతకు వచ్చే పంట. ఆలస్యంగా విత్తిన కంది పెరగవలసినంత పెరగకముందే పూస్తుంది. మొక్క చిన్నది కనుక సాళ్లు దగ్గరచేసి ఎక్కువ విత్తనం వాడాలి. పత్తి ఆలస్యమైతే కాయ ఊరే దశ వానలు వెనుకపట్టిన తర్వాత వచ్చి బెట్టకు గురవుతుంది. కోస్తాలో వరి ఆలస్యమైతే కోత తుపానుల కాలంలో పడుతుంది. దివిసీమను ముంచిన తుపాను 1977 నవంబరు 19న, అనూరాధ కార్తె ప్రవేశించే రోజుల్లో వచ్చింది.

అదునుకు చివరి హద్దు ఉందని దీనివల్ల తెలుస్తుంది. ఆ హద్దు పంటను బట్టి మారుతుంది. తెలంగాణలో వర్షాధార పత్తికి జూలై 20 వరకు గడువును సూచిస్తున్నారు. అది పుష్యమి ప్రవేశించే తేదీ కావడం గమనార్హం. అంటే మృగశిర ప్రవేశం నుంచి పత్తి రైతుకు సుమారు ఆరు వారాల వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో పదును కోసం ఆగడం వల్ల జరిగే నష్టం, పదును లేకుండా విత్తి రెండోసారి విత్తడం వల్ల జరిగే నష్టంకంటే సాధారణంగా తక్కువ.

గడువు దాటితే పంటను మార్చుకోవాలి. ఆముదాన్ని ఆగస్టు మధ్య వరకు విత్తవచ్చు. తక్కువ కాలంలో చేతికొచ్చే కొర్ర వంటి చిరుధాన్యాలూ ఉన్నాయి. హైదరాబాదులో 1985లో ఏర్పడిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ జిల్లాల వారీగా ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలను రూపొందించింది. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఏమి చేయాలి, నాలుగు వారాలైతే ఏమి చేయాలి అన్న క్రమంలో అవి సాగుతాయి. కార్తెలకు కార్తెలుగా సేద్యాన్ని ఆలోచించే రైతుకు ఈ రెండేసి వారాల క్రమం కొత్తది కాదు.

7. విత్తే వాన వస్తే ఇక నిశ్చింతేనా?

కాదు. 2023 జూలై 27న, పుష్యమి కార్తెలో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వర్షం నమోదైంది. ఆ మరుసటి నెల, దేశం మొత్తం మీద 1901 తర్వాత అత్యంత తక్కువ వర్షం కురిసిన ఆగస్టుగా నిలిచింది. ఒకే పంటకాలంలో వరద, వరపు రెండూ రావచ్చు. కాబట్టి విత్తిన తర్వాతి నిర్ణయాలకు వాతావరణ సూచనలు అవసరం. భారత వాతావరణ శాఖ జిల్లా స్థాయి వ్యవసాయ సలహాలను వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో విడుదల చేస్తుంది. 2019లో ప్రారంభమైన 'మేఘదూత్' యాప్‌లో ఇవి తెలుగులోనూ లభిస్తాయి. విత్తడానికి ముందు కూడా రానున్న ఐదు రోజుల సూచనను చూడడం వల్ల వరపులో చిక్కుకొనే ప్రమాదం తగ్గుతుంది.

ముగింపు

• కార్తె సూర్యగతిని అనుసరించే కాలమానం. అది అనేక ఏళ్ల సగటును ఆధారం చేసుకొని అదునును సూచిస్తుంది. ఆ ఏటి వానకు హామీ ఇవ్వదు.
• అయనచలనం వల్ల కార్తెలు ఋతువులతో పోల్చితే 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతాయి. రైతుకు ఇది అల్పం, సామెతల కాలనిర్ణయం చేసే పరిశోధకులకు ముఖ్యం.
• పదును నేల స్వభావాన్ని బట్టి మారుతుంది. తేలిక నేలలకు 50–60, బరువు నేలలకు 60–75 మి.మీ. వర్షం కొలబద్ద. గుప్పెడు మట్టి పరీక్ష దానికి తోడు.
• అదును కొన్ని వారాల వ్యవధి, పదును ఆ వ్యవధిలో దొరికే కొద్ది రోజులు. ఆ వ్యవధి ముగిస్తే పంటను మార్చాలి. ముగియకముందే పదును లేని నేలలో గింజ వేస్తే విత్తనమూ పెట్టుబడీ పోతాయి.
• వ్యవసాయ సలహాలు తెలుగులో రాసేవారు 'అదును', 'పదును' అనే మాటలను విడివిడి అర్థాల్లో, పారిభాషిక పదాలుగా స్థిరపరిస్తే, శాస్త్రం చెప్పే సూచన రైతుకు అతని సొంత భాషలో అందుతుంది.